అమెరికాలో ఆరోగ్య బీమా సంస్థ పరిశోధన పేరుతో జన్యు పరీక్ష అడిగితే: కాగితాలు సరిచూసుకునే పద్ధతి

అమెరికాలో ఉద్యోగం ద్వారానో, సొంతంగా కొనుక్కున్న పాలసీ ద్వారానో ఆరోగ్య బీమా ఉన్నవారికి ఆ బీమా సంస్థ నుంచి పరిశోధన పేరుతో ఒక ఉత్తరం వచ్చే అవకాశం ఉంది. మధుమేహం మీదనో, గుండెజబ్బు మీదనో, రొమ్ము క్యాన్సర్ మీదనో అధ్యయనం చేస్తున్నామని, అందుకోసం మీ లాలాజలమో రక్తమో తీసుకుని జన్యు పరీక్ష చేయిస్తామని అందులో ఉంటుంది. అటువంటి ఉత్తరానికి జవాబు ఇచ్చేముందు ఏయే కాగితాలు చూడాలో, వాటిని ఎవరిని అడగాలో, ఏది లేకపోతే అక్కడితో ఆగిపోవాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతున్నాను. ఆ సంస్థ మంచిదా కాదా అని మీరు తర్కించుకోనక్కరలేదు. నమూనా అడిగే ముందు సంస్థ ఏమేమి రాసి ఇవ్వాలో చట్టమే నిర్ణయించింది కనుక, ఆ రాతలు ఉన్నాయో లేవో చూడటమే మీ పని.

ముందు నియమం, ఆ తరువాతే మినహాయింపు

2008 మే 21న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకంతో జెనెటిక్ ఇన్ఫర్మేషన్ నాన్‌డిస్క్రిమినేషన్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం వచ్చింది. వాడుకలో దీనిని జీనా అంటారు. దీని మొదటి భాగం ఆరోగ్య బీమాకు, రెండవ భాగం ఉద్యోగాలకు వర్తిస్తుంది. మొదటి భాగం ప్రకారం జన్యు సమాచారాన్ని చూసి ప్రీమియం పెంచకూడదు, బీమాకు అర్హత నిర్ణయించకూడదు, అండర్‌రైటింగ్ కోసం, అంటే ఎవరికి బీమా ఇవ్వాలో, ఎంత ప్రీమియం తీసుకోవాలో తేల్చుకోవడం కోసం, ఆ సమాచారాన్ని సేకరించకూడదు. వీటికి తోడు, చాలామంది గమనించని నిషేధం ఇంకొకటి ఉంది: జన్యు పరీక్ష చేయించుకోమని బీమా సంస్థ మిమ్మల్ని గాని మీ కుటుంబ సభ్యులను గాని బలవంతపెట్టడమే కాదు, మర్యాదగా అడగడం కూడా తప్పే. మీకు వైద్యం చేస్తున్న డాక్టరు పరీక్ష చేయించుకోమని చెప్పడం వేరు, దానికి ఈ నిషేధం అడ్డురాదు.

ఇంత గట్టిగా రాయడానికి వెనుక అనుభవాలు ఉన్నాయి. 1970 దశకంలో కొన్ని రాష్ట్రాలు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పరీక్షలను నల్లజాతి పౌరులకు తప్పనిసరి చేశాయి. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో ఉద్యోగంలో చేరేవారి రక్తాన్ని వారికి తెలియకుండా ఇతర పరీక్షలకు వాడారన్న వ్యాజ్యం అప్పీలు కోర్టు వరకు వెళ్ళి, అక్కడ 1998లో ఉద్యోగులకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఈ రెండు విషయాలనూ కాంగ్రెస్ జీనా చట్టం పీఠికలోనే ప్రస్తావించింది.

అయితే బీమా సంస్థల దగ్గర లక్షలమంది వైద్య వివరాలు ఉంటాయి కనుక, వారిని పరిశోధన నుంచి పూర్తిగా దూరం పెట్టడం కూడా సరికాదని చట్టం రాసినవారు భావించారు. అందుకే ఒక్క మినహాయింపు ఇచ్చారు. పరిశోధన కోసమైతే సంస్థ జన్యు పరీక్ష చేయించుకోమని అడగవచ్చు, కానీ ఒత్తిడి చేయరాదు, పైగా కొన్ని షరతులన్నీ ఒకేసారి నెరవేరాలి. పరిశోధన మానవ పాల్గొనేవారి రక్షణకు ఉన్న ఫెడరల్ నిబంధనలకు, రాష్ట్ర, స్థానిక చట్టాలకు లోబడి జరగాలి. అభ్యర్థన రాతపూర్వకంగా ఉండాలి. వచ్చిన జన్యు సమాచారాన్ని అండర్‌రైటింగ్‌కు వాడకూడదు. ఈ మినహాయింపును వాడుకుంటున్నామని సంస్థ నిర్ణీత నోటీసు ద్వారా ప్రభుత్వానికి తెలియజేయాలి. 2009 అక్టోబర్ 7న మూడు శాఖలు కలిసి ప్రచురించిన నిబంధనలలో ఈ షరతుల వివరం ఉంది. అవి అదే ఏడాది డిసెంబర్ 7 నుంచి అమలులోకి వచ్చాయి. ఒక్క షరతు తప్పినా మినహాయింపు పోయి, మళ్ళీ మొదటి నిషేధమే వర్తిస్తుంది.

అడుగుతున్నది నిజంగా జన్యు పరీక్షేనా అని తేల్చుకోండి

ఉత్తరంలో పరీక్ష పేరు చూడండి. మనిషి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, క్రోమోజోములు, ప్రోటీన్లు, మెటబొలైట్లను విశ్లేషించి జన్యురూపాలను, ఉత్పరివర్తనాలను, క్రోమోజోముల మార్పులను గుర్తించేది జన్యు పరీక్ష అని నిబంధన చెబుతుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పును సూచించే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 పరీక్షలు దీని కిందికి వస్తాయి. రక్తకణాల లెక్క, కొలెస్టరాల్, కాలేయ పనితీరు, హెచ్ఐవీ పరీక్షలు రావు. అందువల్ల సంస్థ ఏటా చేయించే మామూలు రక్తపరీక్షల శిబిరానికి ఈ నోటీసు గొడవ లేదు.

పరీక్ష మాట ఎత్తకుండా కుటుంబ చరిత్ర మాత్రమే అడిగే ఉత్తరాలూ ఉంటాయి. వాటి విషయంలో మనవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే మన ఇళ్ళలో బంధుత్వాలు దగ్గరగా అల్లుకుని ఉంటాయి, అడిగితే దాచుకోకుండా చెప్పేస్తాం. చట్టం దృష్టిలో కుటుంబ సభ్యుల జబ్బుల వివరం కూడా మీ జన్యు సమాచారమే. నాలుగవ తరగతి బంధువుల వరకు ఈ లెక్క సాగుతుంది: తల్లిదండ్రులు, తోబుట్టువులు మొదటి తరగతి, తాతలు, మేనమామలు, బాబాయిలు రెండవ తరగతి, బాబాయి పిల్లలు, మేనత్త పిల్లలు మూడవ తరగతి, తాతకు తాత నాలుగవ తరగతి. ఇంకా విశేషం ఏమిటంటే పెళ్ళి వల్ల, దత్తత వల్ల ఏర్పడిన బంధువులను కూడా రక్తసంబంధీకులతో సమానంగానే లెక్కిస్తారు. కనుక మీ అత్తగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న వివరం, రక్తసంబంధం లేకపోయినా, కోడలిగా మీ జన్యు సమాచారమే. ఫారంలో ఈ ప్రశ్న కనబడితే, దాన్ని నింపినందుకు ప్రీమియంలో తగ్గింపు గాని మరే బహుమతి గాని ఇస్తామన్నారేమో వెతకండి. ఆశ చూపి కుటుంబ చరిత్ర సేకరించడం అండర్‌రైటింగ్ కోసం సేకరించడం కిందికే వస్తుంది. బీమాలో చేరకముందు, చేరే సందర్భంలో అడగడం కూడా నిషిద్ధం. చేరిన తరువాత, ఏ ప్రతిఫలమూ లేకుండా, ఇష్టమైతే చెప్పమని అడిగితే మాత్రం అది చట్టవిరుద్ధం కాదు.

మీ బీమా ఏ రకమో కనుక్కోండి

ఇది విసుగు పుట్టించే పనే గాని దీన్ని దాటవేయడానికి వీల్లేదు, ఎందుకంటే నోటీసు ఏ శాఖకు వెళ్ళాలన్నది మీ బీమా రకాన్ని బట్టి ఉంటుంది. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం ద్వారా వచ్చే బీమా సాధారణంగా ఎరీసా అనే చట్టం కిందికి వస్తుంది, దాన్ని పర్యవేక్షించేది కార్మిక శాఖలోని ఎంప్లాయీ బెనిఫిట్స్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్. ఈ వ్యాసంలో దాన్ని ఎబ్సా అని రాస్తాను. రాష్ట్ర ప్రభుత్వం, కౌంటీ, ప్రభుత్వ బడి వంటి చోట్ల పనిచేసేవారి ప్లాన్‌లు, వ్యక్తిగత పాలసీలు మాత్రమే అమ్మే సంస్థలు, మెడిగ్యాప్ (మెడికేర్ అనే ప్రభుత్వ బీమాకు తోడుగా కొనుక్కునే) పాలసీలు మాత్రమే అమ్మే సంస్థలు తమ నోటీసును ఆరోగ్య, మానవ సేవల శాఖలోని సీఎంఎస్‌కు (సెంటర్స్ ఫర్ మెడికేర్ అండ్ మెడికెయిడ్ సర్వీసెస్) పంపాలి. మిగిలినవి కార్మిక శాఖకు పంపుతాయి.

పెద్ద కంపెనీలలో ఇంకో మెలిక ఉంటుంది. కార్డు మీద పేరున్న బీమా కంపెనీ చాలాసార్లు కేవలం లెక్కలు చూసే గుమస్తా పాత్రలో ఉంటుంది, ఖర్చు భరించే అసలు ప్లాన్ మీ ఎంప్లాయర్‌ది. అటువంటప్పుడు పరిశోధన మినహాయింపును వాడుకుంటున్నది ఎవరన్నది ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి. తేల్చుకోవడానికి హెచ్ఆర్ విభాగాన్ని సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పత్రం అడగండి. ప్లాన్ అడ్మినిస్ట్రేటర్‌కు రాతపూర్వకంగా రాస్తే 30 రోజులలోగా ఇవ్వాలని ఎరీసా చెబుతుంది, ఇవ్వకపోతే కోర్టు రోజుకు 110 డాలర్ల వరకు జరిమానా వేయవచ్చు. ఫోనులో అడగడం వల్ల ఈ గడువు మొదలు కాదు కాబట్టి ఈమెయిల్ అయినా సరే, రాసి పంపండి.

విశ్వవిద్యాలయమో ఆసుపత్రో స్వతంత్రంగా చేస్తున్న అధ్యయనానికి మీరు సొంతంగా చేరితే అది వేరే సంగతి. ఈ నోటీసు బాధ్యత ప్లాన్ లేదా బీమా సంస్థ మిమ్మల్ని అడిగినప్పుడే వస్తుంది.

ఉత్తరంలో ఉండి తీరవలసిన రెండు వాక్యాలు

ఇప్పుడు ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవండి. పాల్గొనడం పూర్తిగా మీ ఇష్టమని, పాల్గొనకపోతే ప్రయోజనాలకు మీ అర్హత మీద గాని, ప్రీమియం లేదా మీ వంతు చెల్లింపు మీద గాని ఎటువంటి ప్రభావమూ ఉండదని స్పష్టంగా రాసి ఉండాలి. ఈ రెండు మాటలూ అందులో దొరకకపోతే మిగతా కాగితాలు చూడటం కూడా అనవసరం. కాల్ సెంటర్ ఉద్యోగి ఫోనులో ఎంత చక్కగా చెప్పినా అది రాతపూర్వక అభ్యర్థన కాదు.

"ఇష్టముంటేనే" అని ఒకచోట రాసి, "పాల్గొన్నవారికి వచ్చే ఏడాది ప్రీమియంలో తగ్గింపు" అని మరోచోట రాస్తే రెండవ వాక్యం మొదటిదాన్ని అబద్ధం చేస్తుంది, ఎందుకంటే తగ్గింపు అందనివారు ఎక్కువ ప్రీమియం కట్టినట్టే. ఇటువంటి ఉత్తరాన్ని భద్రపరచండి. దాని అవసరం తరువాత ఉంటుంది.

అభ్యర్థన మీ బిడ్డ గురించి అయితే ఉత్తరం చట్టబద్ధ సంరక్షకుల పేరిట రావాలి. పరిశోధన నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల అనుమతితో పాటు, అర్థం చేసుకునే వయసున్న పిల్లలైతే వారి అంగీకారం కూడా తీసుకోవాలి. కాలేజీలో చదువుతూ 18 ఏళ్ళు నిండి మీ ప్లాన్‌లోనే ఉన్న కొడుకు లేదా కూతురి తరఫున మీరు సంతకం పెట్టకూడదు, అది వారే పెట్టాలి.

సమ్మతి పత్రాన్ని ఎలా చదవాలి

మానవుల మీద జరిగే పరిశోధనకు ఫెడరల్ నిబంధన 45 సీఎఫ్ఆర్ పార్ట్ 46. దీనిని కామన్ రూల్ అంటారు. దీని సవరించిన రూపం 2019 జనవరి 21 నుంచి అమలులో ఉంది. ఇది వర్తించే పరిశోధనను ఐఆర్‌బీ అనే స్వతంత్ర సమీక్షా సంఘం ముందుగా పరిశీలించి ఆమోదించాలి. ఉత్తరంతో వచ్చిన సమ్మతి పత్రంలో ఆ సంఘం పేరు, అధ్యయనం సంఖ్య, పాల్గొనేవారి హక్కుల గురించి ఎవరిని అడగాలో ఉంటాయి. ఆ సంఘానికి నేరుగా రాసి "ఈ అధ్యయనాన్ని మీరు ఆమోదించారా, పాల్గొనేవారిని పిలిచేందుకు వాడే ఉత్తరాన్ని కూడా చూశారా" అని అడగండి. పరిశోధక బృందాన్ని అడిగితే వారు అవునంటారు, కాబట్టి ఈ ప్రశ్న సంఘానికే వేయాలి.

సవరించిన నిబంధన సమ్మతి పత్రంలో ముఖ్యమైన విషయాలను ముందే, క్లుప్తంగా చెప్పమంటుంది. మొదటి పుట చదివినా పాల్గొనాలా వద్దా అన్న నిర్ణయానికి కావలసిన విషయం తెలియకపోతే ఆ పత్రం సరిగా రాయలేదన్నమాట. తరువాత కొన్ని ప్రత్యేకమైన వాక్యాల కోసం వెతకండి: మీ నమూనాను లాభం కోసం వాడతారా, వాడితే ఆ లాభంలో మీకు భాగముంటుందా, వైద్యపరంగా ముఖ్యమైన ఫలితం కనబడితే మీకు చెబుతారా, మొత్తం జీనోమ్‌ను చదువుతారా, మీ పేరు తీసేసిన నమూనాను భవిష్యత్తులో ఇతర పరిశోధనలకు మళ్ళీ అడగకుండానే ఇస్తారా. వీటిలో చివరిదాని మీద ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. చాలామంది డబ్బు గురించి చదివి, నమూనా ఎక్కడెక్కడికి వెళుతుందో చదవకుండా సంతకం పెట్టేస్తారు.

జీనా రక్షణ గురించి కూడా సమ్మతి పత్రంలో ఒక పేరా ఉండటం మంచి సూచన. పరిశోధకులు వాడుకోవడానికి ఆరోగ్య, మానవ సేవల శాఖ 2009లోనే నమూనా భాష ఇచ్చింది. అధ్యయనానికి ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ నిధులు ఉన్నట్టయితే సర్టిఫికెట్ ఆఫ్ కాన్ఫిడెన్షియాలిటీ గురించి కూడా రాసి ఉండాలి. 2017 అక్టోబర్ 1 నుంచి ఎన్ఐహెచ్ నిధులతో జరిగే ఇటువంటి అధ్యయనాలకు అది దానంతట అదే వర్తిస్తుంది, దాని వల్ల పాల్గొన్నవారిని గుర్తుపట్టగల సమాచారాన్ని కోర్టు వ్యాజ్యాలలో బలవంతంగా బయటపెట్టించడం కష్టమవుతుంది.

మీ పాత వైద్య రికార్డులను పరిశోధనకు వాడతామంటే వైద్య వివరాల గోప్యతను కాపాడే హిపా చట్టం కింద మరో అనుమతి పత్రం కూడా ఉండవచ్చు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నా, దేనికి సంతకం పెడుతున్నారో విడివిడిగా చూసుకోండి.

అసలైన కాగితం: పరిశోధన మినహాయింపు నోటీసు

ఇక్కడిదాకా చూసినవన్నీ మీ చేతికి వచ్చేవి. ప్రభుత్వానికి వెళ్ళే కాగితం మీకు రాదు, అడిగితే తప్ప దాని సంగతి తెలియదు. దాని పూర్తి పేరు నోటీస్ ఆఫ్ రీసెర్చ్ ఎక్సెప్షన్ అండర్ ద జెనెటిక్ ఇన్ఫర్మేషన్ నాన్‌డిస్క్రిమినేషన్ యాక్ట్. ప్రభుత్వం ఇచ్చిన నమూనా ఫారాన్ని సంస్థ నింపి, తాను చేస్తున్న పనుల వివరణతో, ఫారం సూచనలలో ఉన్న చిరునామాకు పంపాలి. ఇది అనుమతి కోసం పెట్టుకునే దరఖాస్తు కాదన్న సంగతి గుర్తుంచుకోండి. ప్రభుత్వం దాన్ని చదివి ఆమోదముద్ర వేయదు. కనుక "ప్రభుత్వం మా అధ్యయనాన్ని ఆమోదించింది" అని ఉత్తరంలో ఎవరైనా రాస్తే ఆ మాటను సందేహించవలసిందే.

అనుమతి కానప్పుడు దాని వల్ల ఏమి ఉపయోగమని మీకు అనిపించవచ్చు. ఉపయోగం జవాబుదారీతనంలో ఉంది. ఫలానా తేదీన ఫలానా ప్లాన్ తన సభ్యులను జన్యు పరీక్ష అడుగుతున్నానని చెప్పుకున్న రికార్డు ఏర్పడుతుంది, రేపు ఫిర్యాదు వస్తే పరిశీలించేవారికి మొదటి ఆధారం అదే.

ఫారం కుడివైపు పైమూలనో, అడుగునో ఒక సంఖ్య ఉంటుంది. కార్మిక శాఖ నోటీసుకు అది 1210-0136. సీఎంఎస్ తన పత్రాలలో ఇదే నోటీసును సీఎంఎస్-10286 అనే పేరుతో పిలుస్తుంది. ఈ సంఖ్యలు పేపర్‌వర్క్ రిడక్షన్ యాక్ట్ వల్ల వచ్చినవి. 1980లో వచ్చి 1995లో తిరిగి రాసిన ఆ చట్టం ప్రకారం, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది నుంచి ఒకే రకమైన ప్రశ్నలతో సమాచారం సేకరించే ఫెడరల్ సంస్థ ముందుగా ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్ అనుమతి తీసుకోవాలి. ఒకసారి ఇచ్చిన అనుమతి మూడేళ్ళకు మించి ఉండదు, ఆ తరువాత మళ్ళీ పొడిగించుకోవాలి. సరైన సంఖ్య లేని ఫారాన్ని నింపలేదని ఎవరినీ శిక్షించకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. బీమా సంస్థ ఎప్పుడైనా దీన్ని సాకుగా చూపితే నమ్మకండి. తెలియజేయవలసిన బాధ్యతను జీనా చట్టమే నేరుగా పెట్టింది, చట్టమే విధించిన బాధ్యతకు ఈ మినహాయింపు వర్తించదని ఆదాయపు పన్ను వ్యాజ్యాలలో కోర్టులు చెప్పి ఉన్నాయి.

ఈ నోటీసు ఏటా ఎంతమంది పంపుతారన్న ప్రభుత్వ అంచనాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దేశమంతా కలిపినా లెక్కించడానికి చేతివేళ్ళు చాలు. పరిశోధన పేరుతో జన్యు పరీక్ష అడిగే సంస్థలు తక్కువ కావడం ఒక కారణం కావచ్చు, అడిగినా నోటీసు పంపనివారు ఉండటం మరో కారణం కావచ్చు. ఏదైనా ఈ కొరత మీకు లాభమే: మీ సంస్థ నిజంగా నోటీసు పంపి ఉంటే ఆ గుప్పెడు కాగితాలలో దాన్ని వెతకడం పెద్ద పనేమీ కాదు.

ముందుగా సంస్థకే రాయండి. ఈ కింది విధంగా రాస్తే సరిపోతుంది, ఇంగ్లీషులో మీ మాటల్లో పెట్టుకోండి:

"మీరు ఫలానా తేదీన నాకు పంపిన పరిశోధన అభ్యర్థన అందింది. జవాబు చెప్పేముందు మూడు వివరాలు కోరుతున్నాను. ఈ అభ్యర్థనకు సంబంధించి జీనా పరిశోధన మినహాయింపు నోటీసును మీరు ఏ శాఖకు, ఏ తేదీన పంపారు? దాని నకలు నాకు ఇవ్వగలరా? ఈ అధ్యయనాన్ని ఆమోదించిన ఐఆర్‌బీ ఏది? నా జవాబు అందేవరకు నన్ను పాల్గొన్నవానిగా గాని నిరాకరించినవానిగా గాని నమోదు చేయవద్దని మనవి."

నకలు ఇచ్చి తీరాలని నిబంధనలో లేదు. ఇవ్వడానికి వెనకాడితే సమాచార స్వేచ్ఛా చట్టం కింద శాఖకే దరఖాస్తు చేయండి. ఇది మన దేశంలోని సమాచార హక్కు దరఖాస్తు వంటిదే, ఇంకో మంచి విషయం ఏమిటంటే అమెరికా పౌరులు కానివారు కూడా దీన్ని వాడుకోవచ్చు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు, వారి మీద ఆధారపడి వచ్చినవారు నిరభ్యంతరంగా దరఖాస్తు చేయవచ్చు. ప్లాన్ పేరు, ఎంప్లాయర్ పేరు, ఏ సంవత్సరం, నోటీసు పూర్తి పేరు, 1210-0136 సంఖ్య రాస్తే వెతికేవారికి సులభం. శాఖ 20 పనిదినాలలో జవాబు ఇవ్వాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఆలస్యం అవుతుంది. వ్యాపార ప్రయోజనం లేని దరఖాస్తుకు మొదటి రెండు గంటల వెతుకులాట, మొదటి 100 పుటలు ఉచితం. వ్యాపార రహస్యాలన్న కారణంతో కొన్ని వాక్యాలు నల్లగా కొట్టేసి ఇవ్వవచ్చు గాని, నోటీసు వచ్చిందా లేదా అన్న జవాబుకు అది అడ్డు కాదు.

జీనా కాపాడనివి

సంతకం పెట్టాలని నిర్ణయించుకునేముందు ఇది చదవండి. జీనా మొదటి భాగం ఆరోగ్య బీమాకే పరిమితం. జీవిత బీమా, వైకల్య బీమా, దీర్ఘకాల సంరక్షణ బీమా దాని పరిధిలో లేవు. పరిశోధనలో మీకు తెలిసిన ఫలితాన్ని రేపు జీవిత బీమా దరఖాస్తులో అడిగితే, చాలా రాష్ట్రాలలో మీరు నిజం చెప్పవలసిందే. ఫ్లోరిడా 2020 జులై 1 నుంచి ఈ మూడు రకాల బీమాలలో కూడా జన్యు సమాచారాన్ని వాడటాన్ని నిషేధించింది, మీ రాష్ట్రంలో ఏముందో బీమా శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. పెద్ద జీవిత బీమా తీసుకోవాలన్న ఆలోచన ఉంటే పాలసీ చేతికి వచ్చిన తరువాతే ఫలితాలు వెల్లడించే అధ్యయనంలో చేరడం మంచిదని నేను అనుకుంటాను.

జబ్బు ఇప్పటికే బయటపడితే అది జన్యు సమాచారం కాదు, వైద్య స్థితి. ఆ విషయంలో రక్షణ జీనా నుంచి కాక ఇతర చట్టాల నుంచి రావాలి. ఉద్యోగాలకు సంబంధించిన రెండవ భాగం కూడా 15 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు వర్తించదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తల్లిదండ్రుల కోసం మీరు అక్కడ కొన్న ఆరోగ్య బీమాకు జీనాతో సంబంధం లేదు. అక్కడి దారి వేరు: 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు జన్యు రుగ్మతల పేరుతో క్లెయిములను మొత్తంగా తిరస్కరించడాన్ని తప్పుపట్టింది, మరుసటి నెలలోనే భారత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ మేరకు బీమా సంస్థలకు సర్క్యులర్ ఇచ్చింది.

నిర్ణయం చెప్పడం, అవసరమైతే ఫిర్యాదు

కాగితాలన్నీ సరిగా ఉండి, మీకు ఇష్టమైతే సంతకం పెట్టండి. ఉత్తరం, కవరు, సమ్మతి పత్రం నకలు, సంస్థ ఇచ్చిన జవాబులు ఒకచోట ఉంచండి. మనసు మారితే ఎప్పుడైనా విరమించుకోవచ్చు, కానీ అప్పటికే విశ్లేషించిన వివరాలను వెనక్కి తీసుకోలేమని చాలా పత్రాలలో రాసి ఉంటుంది. వద్దనుకుంటే ఒక్క వాక్యంతో చెప్పేయండి, కారణం చెప్పనక్కరలేదు. మౌనంగా ఉండటం కూడా నిరాకరణే, అయినా రాసి చెప్పడం వల్ల తేదీతో సహా మీ దగ్గర రుజువు మిగులుతుంది. ఆ తరువాత వచ్చే ప్రీమియం బిల్లులను, ప్రయోజనాల పత్రాలను పాతవాటితో పోల్చి చూడండి.

తేడా కనబడినా, పైన చెప్పిన వాక్యాలు ఉత్తరంలో లేకపోయినా, నోటీసు పంపలేదని తేలినా ఫిర్యాదు చేయవచ్చు. ఎంప్లాయర్ ప్లాన్ అయితే ఎబ్సా సలహాదారులను 1-866-444-3272 నంబరులో ఉచితంగా సంప్రదించండి. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగుల ప్లాన్ అయితే సీఎంఎస్‌కు, వ్యక్తిగత పాలసీ అయితే మీ రాష్ట్ర బీమా శాఖకు రాయండి. మీ వివరాలు బయటపడితే ఆరోగ్య, మానవ సేవల శాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజులలోగా ఫిర్యాదు చేయాలి. ఒత్తిడి చేసింది ఎంప్లాయర్ అయితే ఉద్యోగాలలో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి వెళ్ళాలి, అక్కడి గడువు కూడా 180 రోజులే, సొంత ఏజెన్సీ ఉన్న రాష్ట్రాలలో 300 రోజుల వరకు ఉంటుంది. గడువు దాటితే ఎంత మంచి ఫిర్యాదయినా నిలబడదు కాబట్టి, ముందు ఫిర్యాదు పెట్టి ఆధారాలు తరువాత జోడించండి.

జరిమానాలు చిన్నవి కావు. చట్టం రాసినప్పుడే ఎరీసా ప్లాన్ తప్పుకు ఒక్కో సభ్యునికి రోజుకు 100 డాలర్లు, కార్మిక శాఖ తప్పును ఎత్తిచూపుతూ నోటీసు ఇచ్చేలోగా సరిదిద్దని తప్పుకు కనీసం 2,500 డాలర్లు, అది స్వల్పమైనది కాకపోతే కనీసం 15,000 డాలర్లు అని పెట్టారు; ద్రవ్యోల్బణాన్ని బట్టి ఈ మొత్తాలు ఏటా పెరుగుతున్నాయి. మీ ఉత్తరంలో ఈ అంకెలు రాయనక్కరలేదు. ప్లాన్ తరఫు లాయర్లకు అవి కంఠతా వచ్చు.

ఫారం మీద మీ మాట చెప్పదలిస్తే

అనుమతి గడువు మూడేళ్ళే కాబట్టి ఈ నోటీసు మళ్ళీ మళ్ళీ ప్రజల ముందుకు వస్తుంది. పొడిగింపు కోరే శాఖ ఫెడరల్ రిజిస్టర్‌లో మొదట 60 రోజుల గడువుతో, తరువాత 30 రోజుల గడువుతో అభిప్రాయాలు అడగాలి. ఫెడరల్ రిజిస్టర్ వెబ్‌సైటులో నోటీసు పేరుతో వెతికి, వచ్చిన ప్రకటనలో చెప్పిన చోటికి వ్యాఖ్య పంపండి. 30 రోజుల దశలో రెగ్‌ఇన్ఫో డాట్ గవ్ సైటులో సమీక్షలో ఉన్న ఫారాల జాబితా నుంచి నేరుగా రాయవచ్చు. దీనికీ పౌరసత్వం అవసరం లేదు.

రాసేటప్పుడు వారు అడిగే నాలుగు ప్రశ్నలకు కట్టుబడండి: ఈ సమాచారం శాఖకు నిజంగా ఉపయోగపడుతోందా, నింపడానికి పట్టే సమయం అంచనా సరైనదేనా, ప్రశ్నలు స్పష్టంగా ఉన్నాయా, భారం తగ్గించే మార్గముందా. బీమా సంస్థల మీద కోపం వెళ్ళగక్కే వ్యాఖ్యను ఫైలులో పెట్టి మరిచిపోతారు. వచ్చిన నోటీసుల జాబితాను శాఖ తన సైటులో ప్రచురిస్తే సభ్యులు సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టనక్కరలేదు కదా అని అడిగితే, అది మొదటి ప్రశ్న కిందికి వస్తుంది. మీకు వచ్చిన ఉత్తరం వంటి నిజమైన ఉదాహరణను పేర్లు తీసేసి జోడించండి. వ్యాఖ్యలు బహిరంగ పత్రాలు కనుక మీ ఆరోగ్య వివరాలు, సభ్యత్వ సంఖ్య అందులో ఉంచకండి.